1860 నమూనా అమెరికన్ గుర్రపు దళం కత్తి, దేశీ నకలు: కొనొచ్చా? కొంటే ఎట్లా చూడాలి?

వరంగల్‌లో కూర్చొని పాత అమెరికన్ సైనిక కత్తులు, బాయినెట్లు (తుపాకీ కొసకు తగిలించే కత్తులు) సేకరించాలంటే పైసల కంటే ముందు వస్తువే కరువు. అసలు 1860 నమూనా కత్తిని చేత్తో పట్టుకొని, ఒరలోంచి తీసి చూసే వీలు ఈ చుట్టుపక్కల లేదు. ఫొటోలు చూసి ఎంత నేర్చుకున్నా బరువు, మందం, చేతికి ఆనే తీరు తెలియవు. అందుకే చాలామంది మన దేశంలోనే తయారయ్యే నకలుతో మొదలుపెడతారు. అమెరికా అంతర్యుద్ధ ఘట్టాలను వేషాలు కట్టి మళ్ళీ ఆడి చూపించేవాళ్ళ కోసం ఎగుమతి అయ్యే సరుకు ఇది. అందులో కొంత ఇక్కడ ఆన్‌లైన్‌లో అమ్ముతారు. తయారీదారు పేరు కావాలనే రాయడం లేదు. ఇదే అచ్చు కత్తి ఒకటికి నాలుగు చోట్ల నుంచి వస్తోంది, డబ్బా మీద పేరు మారినా గుణదోషాలు దాదాపు ఇవే. ఒరతో కలిపి, కొరియర్ ఖర్చు వేసుకుంటే ఒక మంచి గేర్ల సైకిలు ధర పడుతుంది.

తీర్పు ముందే చెప్తాను. ఆకారం, భాగాలు నేర్చుకోవడానికి ఇది కొనదగ్గ వస్తువే. అయితే అసలు కత్తి బరువూ తూకమూ ఇట్లాగే ఉంటాయని మాత్రం నమ్మొద్దు. ఇదే కత్తికి మసి పూసి, తుప్పు పట్టించి "తాతల నాటిది" అని ఎవరైనా చూపిస్తే కొత్త నకలు ధర మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వొద్దు.

ముందు అసలు సంగతి. 1840లో అమెరికా సైన్యం తీసుకున్న బరువైన గుర్రపు దళం కత్తి ఫ్రెంచి వాళ్ళ 1822 నమూనా చూసి చేసింది. అది ఎంత బరువంటే సిపాయిలు దానికి "మణికట్టు విరిచేది" అని పేరు పెట్టుకున్నారు. దాన్ని తేలిక చేసి తెచ్చినదే 1860 నమూనా. మొత్తం పొడవు సుమారు 41 అంగుళాలు, అలుగు 35 అంగుళాలకు కాస్త అటూ ఇటూ, వెడల్పు ఒక అంగుళం. బరువు ఒర లేకుండా కిలో, ఇనుప ఒరతో సుమారు 1.6 కిలోలు. 1861 నుంచి 1865 దాకా జరిగిన అంతర్యుద్ధంలో ఉత్తరాది గుర్రపు దళాల చేతిలో ఎక్కువగా కనిపించింది ఇదే. చేసినవాళ్ళలో మసాచుసెట్స్ రాష్ట్రం చికోపీలోని ఏమ్స్ కంపెనీ పేరు ముందు వస్తుంది. రోబీ, మాన్స్‌ఫీల్డ్ అండ్ లాంబ్, ఎమర్సన్ అండ్ సిల్వర్, మిల్లార్డ్, ప్రావిడెన్స్ టూల్ వంటి వాళ్ళూ చేశారు.

నకళ్ళలో 1840, 1860 నమూనాలు కలగాపులగం అయిపోతాయి. తేడా పట్టేది పిడి దగ్గర. 1860 పిడి నడుమ కొద్దిగా ఉబ్బి ఉంటుంది, పిడికిలి మూస్తే అరచేయి నిండుతుంది. 1840 పిడికి ఆ ఉబ్బు ఉండదు, అలుగు కూడా ఇంకాస్త వెడల్పు. ఈ నకలులో పిడి ఉబ్బు బాగానే కుదిరింది. అలుగు వెడల్పు మాత్రం గార్డు (పిడి పట్టిన చేతికి కాపుగా ఉండే ఇత్తడి భాగం) దగ్గర 29 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే అంగుళం దాటింది. ఒకే కొలత అలుగు చేసి రెండు రకాల పిడులకూ తొడుగుతున్నట్టుంది. పేరుకు 1860 అయినా ఒంట్లో సగం 1840.

బరువు దగ్గర అసలు కథ బయటపడుతుంది. వంటింటి డిజిటల్ తూకంలో ఒర లేకుండా 1 కిలో 230 గ్రాములు తూగింది. పావు కిలో దాకా ఎక్కువ. కాగితం మీద చిన్న తేడాగా కనిపిస్తుంది కానీ ఆ బరువంతా మొన వైపే ఉంది. చేయి చాచి కత్తిని అడ్డంగా పట్టుకుంటే నిమిషంలో మొన కిందికి వాలుతుంది. కారణం వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెడితే తెలుస్తుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు వెర్నియర్ చాలు. అలుగు వీపు మందాన్ని మూడు చోట్ల కొలవండి: గార్డును ఆనుకొని, సరిగ్గా నడుమ, మొనకు నాలుగు అంగుళాల ముందు. ఈ నకలులో వచ్చినవి 6.1, 5.6, 4.8 మిల్లీమీటర్లు. అసలు కత్తిలో వీపు గార్డు దగ్గర ఇంతకంటే లావుగా మొదలై, మొన వైపు పోయేకొద్దీ సగానికంటే తక్కువకు పడిపోతుంది. అప్పట్లో ఉక్కును కాల్చి, సాగగొట్టి అలుగు తీసేవాళ్ళు కాబట్టి పిడి దగ్గర లావు, మొన దగ్గర పలచన వాటంతట అవే వచ్చేవి. ఇప్పుడు ఒకే మందం పట్టీని కోసి, రాయి మీద అరగదీస్తున్నారు. ఒక పట్టీని మొనదాకా పలచన చేయాలంటే చాలా ఉక్కు పొడిగా పోవాలి, పని గంటలు పెరగాలి. ఆ పని ఈ ధరలో జరగదు. మూడు కొలతల మధ్య తేడా అంతంతమాత్రంగా ఉంటే అది నకలే. ఈ ఒక్క పరీక్ష పట్టించినన్ని నకళ్ళు మిగతావన్నీ కలిపినా పట్టించవు.

అలుగు మీది గాడుల విషయంలో దీన్ని మెచ్చుకోవాలి. వీపు పక్కన సన్న గాడి, దాని కింద వెడల్పు గాడి రెండూ ఉన్నాయి, ఉండాల్సిన చోటే ఉన్నాయి. చవక నకళ్ళలో సన్న గాడి అసలు ఉండదు. దీనిలో లోపం ఏంటంటే గాడి అడుగున యంత్రం రాయి తిరిగిన అడ్డగీతలు అట్లాగే మిగిలాయి. లైటు పక్కవాటుగా పడేట్టు పట్టుకుంటే ఆ గీతలు దువ్వెన పళ్ళలా వరసగా కనిపిస్తాయి. అలుగును నునుపు చేసినప్పుడు పై భాగమే మెరిసింది, గాడి లోపలికి చేయి పోలేదు.

ఇత్తడి గార్డు చూద్దాం. మూడు కొమ్మల గార్డు పోత పోసినదే, అసలులో కూడా పోతే. తేడా పోత తర్వాతి పనిలో ఉంటుంది. ఏమ్స్ వాళ్ళు పోత పోశాక కొమ్మల అంచులను ఆకురాయితో రాసి పదునుగా తీర్చేవాళ్ళు. అంచు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కన్ను చెప్పగలదు. ఈ నకలులో కొమ్మలు నేరుగా బఫింగ్ చక్రం మీదికి పోయాయి, అన్ని అంచులూ సబ్బుబిళ్ళలా గుండ్రం అయిపోయాయి. లోపలి మూలల్లో పోత గీత ఇంకా కనిపిస్తుంది. పెంబర్తి పనివాళ్ళ ఇత్తడి చూసి పెరిగినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. పెంబర్తిది రేకు మీద చేసే పని, ఇది పోత. అయినా చేతి పనిముట్టు తగిలిన ఇత్తడికీ చక్రం కింద మెరిసిన ఇత్తడికీ తేడా ఆ కళ్ళు ఇట్టే పడతాయి.

పిడి లోపలి తోక గురించి జాగ్రత్త. అసలు కత్తిలో అలుగు తోక పిడి మొత్తం గుండా పోయి, వెనక ఇత్తడి టోపీ పైన రివిట్ కొట్టి ఉంటుంది. టోపీ నడినెత్తిన ఆ రివిట్ మచ్చ చిన్న వలయంలా కనిపిస్తుంది. ఈ నకలులో టోపీ మీద రివిట్ ఉన్నట్టే ఉంది. కానీ చాలా నకళ్ళలో తోకకు సన్నని కడ్డీ వెల్డింగ్ చేసి, దాని కొసన మర తీసి, నట్టు బిగించి, పైన నునుపు చేస్తారు. ఆ వెల్డింగ్ దగ్గరే విరుగుతుంది. గాల్లో గట్టిగా ఊపినప్పుడు విరిగితే అలుగు ఎక్కడికి ఎగురుతుందో చెప్పలేం. కాబట్టి దీన్ని ఊపొద్దు, చెట్టు కొమ్మల మీద కొట్టి చూడొద్దు, వంచి వదిలే పరీక్ష చేయొద్దు. అప్పట్లో అసలు కత్తులను తనిఖీలో వంచి చూసేవాళ్ళన్న మాట నిజమే, ఆ ధీమా దీనికి చెల్లదు. తెలుసుకోవాలంటే పిడిని చెవి దగ్గర పెట్టుకొని, అలుగు వీపు మీద వేలితో తట్టండి. ఒకే మోత సాగితే బిగువుగా ఉన్నట్టు. మోతలో "చిర్రు" అనే శబ్దం కలిస్తే ఎక్కడో వదులు ఉంది. ఆ స్థితిలో వచ్చిన కత్తిని వెనక్కి పంపడమే మంచిది, బిగించమని ఇక్కడి వెల్డింగ్ షాపుకు ఇవ్వకండి. వేడికి చెక్క మాడుతుంది, తోలు ముడుచుకుంటుంది.

తోలు చుట్టిన పిడి బాగుంది. గాడులు తీసిన చెక్క, పైన నల్ల తోలు, గాడుల్లో మెలిపెట్టిన ఇత్తడి తీగ, అసలులో ఉన్న వరసే. తోలు కలిసిన కుట్టు లోపలి వైపు పడింది, అదీ సరే. కాకపోతే తోలు మరీ మందం, తీగ లోతుగా కూర్చోలేదు, వేలితో నెడితే కొద్దిగా జరుగుతుంది.

ఇక ముద్రలు. ఏమ్స్ వాళ్ళ అసలు కత్తిలో గార్డు పైన అలుగు మొదట్లో ఒక వైపు కంపెనీ పేరు, ఊరు ఉంటాయి. రెండో వైపు "యు.ఎస్.", తనిఖీ చేసినవాడి పొడి అక్షరాలు, సంవత్సరం ఉంటాయి. "ఏ.డి.కె.", "జి.జి.ఎస్." ఆ తనిఖీదారుల గుర్తులే. పొడి అక్షరాలు గార్డు మీద, టోపీ మీద కూడా విడిగా కొట్టి ఉంటాయి. అన్నీ దెబ్బతో కొట్టిన అచ్చులు, ఆమ్లంతో చెక్కినవి కావు. అచ్చు కొడితే అక్షరం పక్కన ఉక్కు రవ్వంత పైకి లేస్తుంది. ఒక్కో అక్షరం లోతు ఒక్కో తీరుగా ఉంటుంది. ఈ నకలు మీద "యు.ఎస్. 1862" ఉంది. అక్షరాలన్నీ ఒకే లోతు, అడుగు గరుకుగా, అంచులు మెత్తగా. ఇవి ఆమ్లం చేసిన గుర్తులు. పొడి అక్షరాలు లేనే లేవు. ఈ నిజాయతీ నాకు నచ్చింది, ఎందుకంటే పొడి అక్షరాలు కూడా వేసిన నకలు రేపు ఎవరినో ఒకరిని ముంచుతుంది.

అంతకంటే మంచి సంగతి, గార్డును ఆనుకొని అలుగు మీద చిన్నగా "ఇండియా" అనే ముద్ర ఉంది. అమెరికాలో దిగుమతి అయ్యే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అక్కడి 1930 టారిఫ్ చట్టం 304వ సెక్షన్ చెప్తుంది. ఎగుమతి కోసం చేసిన నకళ్ళ మీద ఈ ముద్ర అందుకే. మోసగాళ్ళు మొదట చెరిపేసేది దీన్నే. పాతది అని చూపించే కత్తిలో అలుగు మొదలు దగ్గర వేలిగోరు నిలువునా జార్చండి. ఒకచోట చిన్న పల్లం తగిలి, ఆ మేర మెరుపు మిగతా అలుగుతో కలవకపోతే అక్కడ ఏదో అరగదీశారన్న మాట. అసలు కత్తిలో ఆ చోటు అరగడానికి ఏ కారణమూ లేదు, అది ఎప్పుడూ గార్డు దాపులో ఉండేదే.

పాతదనం నటించే పద్ధతులు కూడా తెలుసుకోవాలి. ఆమ్లం పోసి పట్టించిన తుప్పు అలుగంతా ఒకే తీరు గుంటలు పెడుతుంది. అసలు కాలం పెట్టిన మచ్చ ఒరతో రాసుకునే చోట పలచగా, గార్డు మూలలో నల్లగా, మొన దగ్గర ఎక్కువగా, ఎక్కడికక్కడ వేరుగా ఉంటుంది. ఇత్తడి కొమ్మల బయటి వైపు చేతులు తాకి నునుపెక్కి, లోపలి వైపు ముదురు రంగుతో మిగలాలి. లోపల బయట ఒకే నలుపు ఉంటే పూసింది. ఇనుప ఒర మీది ఉంగరాలు తిరిగిన చోట పట్టీ మీద అరుగుదల ఉండాలి. ఒర కొసన నేలకు ఈడ్చుకుపోయిన గుర్తు ఒక పక్కే ఉండాలి. కత్తికి పాతదనం ఉండి ఒర ఉంగరాలు నిన్న వేసినట్టుంటే ఆ రెండూ కలిసి బతకలేదు.

"సి.ఎస్." అని ముద్ర ఉన్న కత్తి అంటే దక్షిణాది తిరుగుబాటు సైన్యానిదని చెప్పి రెండింతలు అడుగుతారు. దక్షిణాదిలో చేసిన కత్తుల్లో చాలావాటికి ముద్రలే ఉండవు, పని కూడా మొరటుగా ఉంటుంది. పెద్ద అక్షరాల్లో శుభ్రంగా "సి.ఎస్." కనిపిస్తే నమ్మకం పెరగాల్సింది పోయి తగ్గాలి.

మెలికల గీతలున్న "డమాస్కస్" రకం అని ఇంకొంచెం ఎక్కువ ధరకు ఇదే కత్తి దొరుకుతుంది. సిపాయిలకు ఇచ్చిన 1860 కత్తి మామూలు ఉక్కుది, దానికి ఆ గీతలు ఉండవు. పైగా ఇప్పుడు అమ్మేది రెండు రకాల ఉక్కులు అతికించి ఆమ్లంలో ముంచి తేల్చిన గీతలు. పాత డమాస్కస్ కత్తుల ఉక్కు వేరు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు ఇక్కడిదాకా వచ్చేవాళ్ళు. ఆ పని గురించి హెన్రీ వోయ్‌సీ రాసిన వివరణ 1832లో అచ్చయింది. అందులో గీతలు ఉక్కు నెమ్మదిగా చల్లారేటప్పుడు దానంతట అదే పుట్టేవి. మన గడ్డ మీది ఆ ఉక్కు పేరు అరువు తెచ్చుకొని అమెరికన్ కత్తి మీద అద్దడం రెండింటికీ అన్యాయమే.

చట్టం విషయం దాటేయడానికి లేదు. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నిబంధనల మొదటి షెడ్యూల్‌లో ఐదో కేటగిరీ ఉంది. కత్తులు, బాయినెట్లు, 9 అంగుళాల కంటే పొడుగు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగున్న అలాంటి ఆయుధాలు అందులోకి వస్తాయి. పదును లేదు కదా, అలంకారానికి కదా అనే వాదన నమ్ముకోవద్దు. బొమ్మగా తప్ప వాడలేనిది, పనికొచ్చే ఆయుధంగా మార్చలేనిది అయితేనే చట్టం వదిలేస్తుంది. ఉక్కు అలుగుకు ఒక పూటలో పదును పెట్టొచ్చు. ఈ కేటగిరీ వాటిని దగ్గర ఉంచుకోవడానికి ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో లైసెన్సు కావాలి. కాబట్టి కొనే ముందు మీ పోలీసు కమిషనరేట్‌లోగానీ కలెక్టరేట్‌లోగానీ రాతపూర్వకంగా అడిగి, జవాబు కాగితం, కొన్న బిల్లు ఒకే ఫైల్లో పెట్టుకోండి. విదేశాల నుంచి ఆయుధం తెప్పించుకోవాలంటే చట్టం 10వ సెక్షన్ ప్రకారం లైసెన్సు ఉండాలి. అమెరికా వేలంలో అసలు కత్తి చవకగా దొరికిందని డబ్బు కట్టేస్తే పార్సిల్ కస్టమ్స్ దగ్గర ఆగుతుంది, వేలం వాళ్ళు పైసలు తిరిగి ఇవ్వరు. ఇంట్లో ఉన్న కత్తిని ఊరేగింపులకు, పెళ్ళి బరాత్‌లకు బయటికి తీయకండి.

పార్సిల్ వచ్చాక చేయాల్సినవి. అలుగు మీద ఫ్యాక్టరీ గ్రీజు మందంగా ఉంటుంది, దాని కిందే వేలిముద్రల తుప్పు మొదలై ఉండొచ్చు. పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ నూలు గుడ్డ మీద వేసి, పిడి నుంచి మొన వైపు ఒకే దిక్కుకు తుడవండి. వెనక్కీ ముందుకీ రుద్దితే వేలు అంచు మీదికి పోతుంది. తోలుకు టర్పెంటైన్ తగలకుండా గార్డు దగ్గర పాత గుడ్డ చుట్టండి. ఇత్తడి మీద పారదర్శకమైన లక్క పూత ఉంటుంది. వానకాలంలో అది ముక్కలుగా లేచి, కింద మచ్చలు పడతాయి. అసిటోన్‌తో పూత మొత్తం తీసేయడమే మేలు. కత్తి మొన నేల వైపు ఉండేట్టు పట్టుకొని చేయండి, అప్పుడు చుక్క తోలు మీదికి జారదు.

తరువాత మైనం. బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో రూపొందిన రెనసాన్స్ మైనం 65, 200 మిల్లీలీటర్ల డబ్బాల్లో వస్తుంది. ఖరీదే, కానీ చిన్న డబ్బా ఒక కత్తికి ఏళ్ళు వస్తుంది. ఎండకాలంలో కత్తిని అరగంట ఎండలో ఆరబెడితే ఉక్కు వెచ్చబడుతుంది. పట్టుకోగలిగేంత వేడిలో మైనం రాస్తే పలచగా పరుచుకుంటుంది. గోరింత మైనం పిడికెడు పొడవు అలుగుకు చాలు. ఆరాక మెత్తని గుడ్డతో తుడవండి, మళ్ళీ ఇంకో పూత. మందంగా రాస్తే తెల్లని పొరగా ఎండి, దుమ్ము పట్టుకుంటుంది. మూడు నాలుగు నెలలకోసారి, జూన్ వానలు మొదలవకముందు తప్పకుండా, మళ్ళీ వేయాలి. మైనం దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె పలచగా రాయొచ్చు. కొబ్బరినూనె మాత్రం వద్దు. అది ముక్కిపోతుంది, తోలు మీద బూజు పడుతుంది, ఇత్తడి తగిలిన చోట ఆకుపచ్చ చిలుము పుట్టిస్తుంది. చిలుము కనిపిస్తే వెదురు పుల్లతో గీకి తీయండి, ఇనుప వస్తువు వాడొద్దు.

ఇంట్లో ఇత్తడి తోమే అలవాటులో చింతపండు, ఉప్పు ముందుంటాయి. బిందెకు మంచిదే, కత్తి గార్డుకు కాదు. పులుపు, ఉప్పు నీరు గార్డుకూ అలుగుకూ మధ్య సందులోకి, తోలు కిందికి దిగి, కనపడని చోట తుప్పు పట్టిస్తాయి. దసరాకు ఆయుధ పూజ చేసేవాళ్ళకు కూడా ఇదే మాట. తడి పసుపు, కుంకుమ నేరుగా అలుగు మీద పెట్టి రాత్రంతా వదిలితే పొద్దునకు అక్కడ గోధుమ రంగు మచ్చ పడుతుంది. నిమ్మకాయ గుచ్చితే మచ్చ కాదు, గుంటే. తమలపాకు పరిచి దాని మీద బొట్టు పెట్టండి, లేదా ఒరకు పెట్టి పూజ కాగానే పొడి గుడ్డతో తుడవండి. జమ్మి ఆకు పొడిగా ఉంటుంది కాబట్టి దానితో ఇబ్బంది లేదు.

కత్తిని ఇనుప ఒరలో ఉంచితే ఒర లోపల నూనె గుడ్డ తోసి తుడవడం మరవొద్దు, తేమ అడుగున నిలుస్తుంది. బీరువాలో పెడితే నీలం రంగు సిలికా జెల్ సంచి పెట్టండి. గులాబీ రంగుకు తిరిగితే తీసి, ఆరబెట్టి మళ్ళీ పెట్టొచ్చు. ఆ గింజలు పిల్లలకు అందకూడదు, వంట పాత్రలో వేడి చేయకూడదు. నీలం రంగు ఇచ్చేది కోబాల్ట్ ఉప్పు.

ఇదే అమ్మకందారుల దగ్గర 1855 నమూనా గొట్టం బాయినెట్ (తుపాకీ కొసకు గొట్టంలా తొడిగేది) నకలు కూడా దొరుకుతుంది, దాన్ని మాత్రం సిఫారసు చేయలేను. అసలులో గొట్టం మెత్తని ఇనుముది, 18 అంగుళాల మూడు పలకల అలుగు ఉక్కుది, రెండూ కాల్చి అతికినవి. పలకలు లోపలికి పల్లంగా ఉంటాయి. నకలు మొత్తం ఒకే పోత. పలకలు చదునుగా, అంచులు గుండ్రంగా ఉన్నాయి, గొట్టం మీది తాళం ఉంగరం తిరగడమే కష్టం. నేర్చుకోవడానికి కూడా ఇందులో ఏమీ లేదు. అసలు గొట్టం బాయినెట్లలో తెలుసుకోదగ్గ సంగతి ఒకటుంది. అమెరికా సైన్యానికి సన్న గొట్టం ఉన్న 1873 నమూనా రైఫిల్ వచ్చాక, పాత .58 బోరు (0.58 అంగుళాల రంధ్రం) తుపాకుల బాయినెట్లను పారేయకుండా, గొట్టాన్ని చల్లగానే ఒత్తి ఇరుకు చేసి, నీలి రంగు వేసి వాడారు. కాబట్టి ఇరుకు గొట్టం, నీలి పూత ఉంటే నకలని తోసేయకండి.

దేశంలో పాత బాయినెట్ల పేరుతో చేతులు మారేవాటిలో ఎక్కువ గందరగోళం 1917 నమూనా అమెరికన్ బాయినెట్‌కూ బ్రిటిష్ 1907 నమూనాకూ మధ్య. రెండింటికీ 17 అంగుళాల అలుగు, చెక్క పలకల పిడి. 1917 పిడి చెక్కల మీద అడ్డంగా రెండు లోతైన గాడులు ఉంటాయి, 1907 మీద ఉండవు. రెమింగ్టన్ పేరు చూసి అమెరికన్ అనుకోవద్దు, ఆ కంపెనీ బ్రిటిష్ వాళ్ళ కోసం కూడా 1907 బాయినెట్లు చేసింది. 1913 అని ఉంటే అది తయారైన ఏడాది కాదు, బ్రిటిష్ నమూనా పేరు. రెండు గాడుల పిడి దాని నుంచే అమెరికన్ 1917కు వచ్చింది. బ్రిటిష్ ముద్రలు కొట్టేసి పక్కన "యు.ఎస్." కొట్టినవి కూడా అసలైనవే. "ఆర్.ఎఫ్.ఐ." అని ఉంటే బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది, దానికి దాని విలువ ఉంది కానీ అమెరికాతో సంబంధం లేదు. 1917 తోలు ఒరలో అలుగును నిల్వ ఉంచొద్దు, తోలులోని పులుపు తేమతో కలిసి ఉక్కును తింటుంది. ఒర పక్కన, అలుగు పక్కన పెట్టాలి.

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ 16 అంగుళాల బాయినెట్‌ను 1943 నుంచి 10 అంగుళాలకు కుదించారు. పాతవాటిని కోసి కురచ చేసినవి, మొదటి నుంచే కురచగా చేసినవి రెండూ దొరుకుతాయి. గాడిని వేలితో మొనదాకా వెంబడించండి. గాడి మొనలోకి తెరుచుకొని పోతే అది కోసినది. మొనకు ముందే ఆగితే కొత్తగా చేసినది. 10 అంగుళాలంటే ఐదో కేటగిరీ కొలత దాటినట్టే. తర్వాత వచ్చిన 6.75 అంగుళాల ఎం4 రకం కొలత తక్కువే అయినా, బాయినెట్ అనే పేరే చట్టంలో ఉంది కాబట్టి దానికీ ముందు అడిగి, కాగితం చేతికి వచ్చాకే డబ్బు కట్టండి.